జారని దారం

మొన్న నల్లగొండలో మా చెల్లెలి మనవరాలిని తొట్టెలలో వేసే పండుగ జరిగింది. పిల్లకు నీళ్ళు పోసి, కాటుక దిద్ది, అరికాలికి చుక్క పెట్టి, ఇక మొలతాడు కట్టే వేళకు మా చెల్లెలు సంచీలోంచి ఒక ప్లాస్టిక్ పొట్లం తీసి, అందులోని నల్లదారాన్ని రెండు చేతులా పట్టుకుని లాగి వదిలి అందరికీ చూపించింది. సాగుతుందట. ఎలాస్టిక్ దారమట. చివర చిన్న కొక్కెం కూడా ఉంది. పిల్ల లావైతే తనూ సాగుతుంది, సన్నబడితే తనూ దగ్గరవుతుంది, ముడి వేసేదీ లేదు విప్పేదీ లేదు, ఒకసారి తగిలిస్తే మళ్ళీ దాని మొహం చూడనక్కరలేదని మురిసిపోతూ చెప్పింది. ఆడవాళ్ళంతా దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని లాగి చూశారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ లాగాను, వదిలేసరికి అది చటుక్కున ముడుచుకుపోయింది. పక్కావిడ చేతిలో పెట్టేసి, మంచినీళ్ళ వంక చెప్పి వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూలబడ్డాను.

మీరు నా ఈడువాళ్ళే అయితే మీ నడుముకూ చిన్నప్పుడు ఆ నూలుదారం ఉండే ఉంటుంది. మా అమ్మను కన్నతల్లి, మా అవ్వ, పానగల్‌లో ఉండేది. ఎండాకాలం సెలవులకు మేము బస్సు దిగి ఇంట్లో అడుగు పెట్టగానే, కాళ్ళు కడుక్కోమనడం కంటే ముందు మమ్మల్ని ఒక్కొక్కరినే దగ్గరికి లాక్కుని, లంగా బొందు పైన మొలతాడు కింద రెండు వేళ్ళు దూర్చి చూసేది. వేళ్ళు పట్టక బిగిస్తే నవ్వి వదిలేసేది. వదులుగా తిరిగాయంటే మాత్రం మా అమ్మ వైపు ఒక చూపు చూసేది, ఆ చూపుకు మా అమ్మ అంత మనిషీ తల వంచుకుని వంటింట్లోకి నడిచేది, మా కంచాల్లో ఆ పూట పెరుగు ఎక్కువ పడేది. తూకం మిషన్లు, పెరుగుదల పటాలు నేను మెడికల్ కాలేజీలో చూశాను గానీ, పిల్లను కొలవడం నేను మొదట చూసింది మా అవ్వ వేళ్ళతోనే. అదేదో దిష్టికోసం కట్టే దారమని చదువుకున్న రోజుల్లో ఎగతాళి చేశాను కూడా.

పిల్లల డాక్టరుగా నా బతుకంతా సర్కారు దవాఖానల్లోనే గడిచింది. నాకు పాఠం చెప్పిన పెద్దాయన ఒక అలవాటు నూరిపోశాడు. పిల్ల దగ్గుతో వచ్చినా దద్దుర్లతో వచ్చినా బట్టలన్నీ తీయించి నెత్తి నుంచి అరికాలిదాకా చూడాలి, వీపు తిప్పి చూడకుండా చీటీ రాయకూడదు. ఆ మాట నేను ఎంత పట్టుదలగా పట్టుకున్నానంటే, చలికాలంలో పిల్లలను కప్పుకుని వచ్చిన తల్లులు నా గది బయటే సణుక్కునేవాళ్ళు. “గీ మేడం తాన్కి వోతే సర్దికి గూడ అంగీ ఇప్పుమంటది” అని ఒకామె అనడం నా చెవినే పడింది. చివరికి అంగీలిప్పే డాక్టరమ్మ అని పేరు పెట్టేశారు. పెట్టుకోనీ అనుకున్నాను. నా నోరూ తక్కువదేమీ కాదు, అన్నవాళ్ళకు రెండింతలు అప్పజెప్పే పంపించేదాన్ని.

అలా అంగీలు విప్పించిన పాపానికి చూడకూడనివి చాలా చూశాను. తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను పాలమూరు జిల్లాలో ఒక దవాఖానకు మార్చేనాటికి, పిల్లల మీద జరిగే దౌర్జన్యాల కేసులంటే మన మేడం ఉన్నారు కదా అని పోలీసులు, పిల్లల సంక్షేమ సమితి వాళ్ళు నా దగ్గరికే పంపడం అలవాటు చేసుకున్నారు. కోర్టుల్లో సాక్ష్యం చెప్పాను, అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా కార్యకర్తలకు ఊరూరా తిరిగి పాఠాలు చెప్పాను. ఆ మాట ఎత్తగానే అందరికీ బెల్టు దెబ్బలు, వాతలు, అంతకన్నా నోటితో చెప్పుకోలేనివి గుర్తొస్తాయి. అవన్నీ ఉన్నాయి, లేవనను. కానీ నన్ను ఈనాటికీ వదలని పిల్ల ఒంటి మీద ఒక్క దెబ్బ కూడా లేదు.

ఆ జిల్లా సంగతి మీకు చెప్పనక్కరలేదు. కొత్తకోట దగ్గర హైవే మీద నిలబడితే చాలు, మూటలతో, పారలతో, వంట బొగ్గాన్లతో పుణేకో బొంబాయికో పోయే మేస్త్రీల గుంపులు కనిపించేవి. చంటిపిల్లలను చంకనెత్తుకుని పోయేవాళ్ళు. కొంచెం నడక వచ్చిన పిల్లలను మాత్రం ఇంటి దగ్గర అవ్వల మీద, పెద్దమ్మల మీద వదిలిపోయేవాళ్ళు, ఎందుకంటే నడిచే పిల్ల కట్టే బిల్డింగుల మీద నిలవదు, ఏ అంతస్తు నుంచి జారిపడుతుందో చెప్పలేం. పిల్ల బతకాలనే వదిలిపోయేవాళ్ళు. ఆ ముక్క నేను ఎన్ని సభల్లో చెప్పానో, పట్నం నుంచి వచ్చిన పెద్దలకు ఎన్నడూ ఎక్కలేదు. తల్లులకు ప్రేమ తగ్గిందని రాసుకుపోయేవాళ్ళు, నాకు ఒళ్ళు మండిపోయేది.

వానాకాలంలో ఒక రోజు ఒక అవ్వ నాలుగేళ్ళ ఆడపిల్లను భుజానేసుకుని వచ్చింది. విరేచనాలు అని చీటీలో రాసి ఉంది. వాళ్ళది గొర్రెలు కాసే కుటుంబం. చిన్నకొడుకూ కోడలూ ఏడాది కిందట పుణే పోయారు, పిల్లను పెద్దకొడుకు ఇంట్లో ఉంచిపోయారు, అవ్వ ఉండేదీ ఆ ఇంట్లోనే. ఇవన్నీ నేను అడుగుతూ ఉంటే అవ్వ చెబుతూ ఉంది, నర్సు గౌను విప్పుతూ ఉంది. గౌను పైకి లేవగానే నర్సు చెయ్యి ఆగిపోయింది. పక్కటెముకలు, తొడల మీద వేలాడే చర్మం, ఎర్రబారిన వెంట్రుకలు, ఇవన్నీ నేను చూడనివి కావు. నేను చూడనిది ఆ నడుము దారం. పిల్ల బొడ్డు పక్కన రేగుపండంత ముడి ఉంది. ఒక ముడి కాదు, ముడి మీద ముడి, దాని మీద మరో ముడి. ముడుల అవతల మిగిలిన దారం మోకాలిదాకా వేలాడుతోంది.

ఈ ముడులు ఎవరు వేశారని అడిగాను. అవ్వ తానే వేశానంది. “జారిపోతాంది బిడ్డా. తల్లి బస్సెక్కేటప్పుడు కట్టి ఎక్కింది. నడుముకు దారం లేకుంట ఆడివిల్ల ఉండొద్దు గదా” అంది. దారం జారుతోందంటే పిల్ల తరిగిపోతోందని తెలియలేదా, నీకు కళ్ళు లేవా అని నేను గట్టిగానే అరిచాను. వార్డు బయట ఉన్నవాళ్ళు కూడా తొంగి చూశారు. అవ్వ నా మీద కోపం తెచ్చుకోలేదు, ఏడవలేదు, పిల్ల నడుము మీది ముడిని బొటనవేలితో నిమురుతూ చెప్పింది.

“కనవడకేంది బిడ్డా. బువ్వ నా చేతుల లేదు. దారం నా చేతుల ఉన్నది.”

అంతే అంది. తరువాత కొంచెం కొంచెంగా మిగతాది బయటికి వచ్చింది. ఆ ఇంట్లో గంటె పెద్దకోడలి చేతిలో ఉంది. మొదట మగవాళ్ళకు, తరువాత తన పిల్లలకు, మిగిలితే గడపలో కూర్చున్న ఈ పిల్లకు. విరేచనాలు మొదలయ్యాక, పెడితే మళ్ళీ పాడు చేస్తుందని అదీ పెట్టడం మానేసింది. అవ్వకు వేసేది కూడా చారెడే, అందులోంచి తీసి పిల్లకు దాచి పెడితే, పెద్దకోడలు ఒకసారి చూసి ఇద్దరికీ వేయలేదట. అటు తరువాత అవ్వ చేయగలిగింది ఒక్కటే మిగిలింది. చిన్నకోడలు కట్టిపోయిన దారం నేల మీద పడకుండా కాపాడుకోవడం. దారం నడుము మీద ఉన్నన్నాళ్ళు పిల్ల ఉంటుందని ఆమె నమ్మింది. వదులైన ప్రతిసారీ ఒక ముడి వేస్తూ పోయింది.

పిల్లను వార్డులో పెట్టుకున్నాం. అంత ఎండిపోయిన పిల్లకు ఒక్కసారిగా అన్నం పెట్టకూడదు, గుండె తట్టుకోదు. చెంచాతో కొంచెం కొంచెంగా పాలు పట్టాలి. అవ్వ ఆ చెంచా పట్టుకుని పగలంతా కూర్చునేది, నేను చెప్పిన దానికి ఒక్క చుక్క ఎక్కువ పోయలేదు. చెంచా తన చేతికి వచ్చిందన్న సంతోషం ఆమె ముఖంలో కనిపించేది, అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. ఆ పిల్ల మాత్రం ఏడవలేదు, అడగలేదు. పక్క మంచం తల్లి ఒక బిస్కెట్టు చేతిలో పెడితే, దాన్ని తినకుండా పట్టుకుని అవ్వ మొహం కేసి చూస్తూ కూర్చుంది. నేను దగ్గరికి పోగానే దాన్ని దిండు కిందికి తోసేసింది. ఆకలైతే పిల్లలు ఏడుస్తారని మనం అనుకుంటాం. ఏడిచి ఏడిచి ఫలితం లేదని తెలిశాక మానేస్తారు. వార్డులో అందరికంటే బుద్ధిమంతురాలు అంటూ నేల తుడిచే ఆయమ్మ దాన్ని మెచ్చుకుంటుంటే నేను వినలేక అవతలికి పోయాను.

తల్లికి కబురు వెళ్ళింది, బయల్దేరానని ఫోను వచ్చింది. అంతలో పిల్లకు నిమ్ము చేసింది. ఉన్న మందులన్నీ వాడాం. ఒక రోజు పొద్దున నేను వార్డులో అడుగు పెట్టేసరికి నర్సు మంచం దగ్గర తల వంచుకుని నిలబడి ఉంది. అవ్వ చెంచా పక్కన పెట్టి, రెండు చేతులతో ఆ నడుము దారాన్ని పట్టుకుని కూర్చుంది.

వాళ్ళలో మనిషిని సాగనంపేటప్పుడు ఒంటి మీద ముడి ఏదీ ఉండకూడదట, మొలతాడు తీసేయాలట. నర్సు కత్తెర తెచ్చింది. అవ్వ కోయనివ్వలేదు. “తల్లి కట్టింది, కొయ్యొద్దు బిడ్డా” అంటూ తన ముడులను తానే గోళ్ళతో విప్పడం మొదలుపెట్టింది. నూనె, పసుపు, చెమట తగిలి అవి రాయిలా గట్టిపడ్డాయి. గోళ్ళకు లొంగకపోతే పళ్ళతో కూడా లాగింది. చూసి చూసి నేను ఇంజక్షన్ సూది ఒకటి తీసుకుని మంచం అంచున కూర్చున్నాను. ఇద్దరం ఒక్కొక్క ముడి విప్పుతుంటే దారం ఒక్కొక్క వేలు పొడుగవుతూ పోయింది. ఆఖరి ముడి విడిపోయాక దాన్ని పిల్ల నడుము చుట్టూ వదులుగా పరిచి చూసింది అవ్వ. తల్లి బస్సెక్కిన రోజున ఆ పిల్ల ఎంత ఉండేదో మంచం మీద అలా గీత గీసినట్టు కనిపించింది. నా సర్వీసులో నేను అంతకు ముందూ తరువాతా చాలా మరణాలు చూశాను, కంట నీరు పెట్టకుండా సంతకాలు చేశాను. ఆ రోజు మాత్రం నర్సు ముందే, అవ్వ ముందే ఏడ్చాను.

మధ్యాహ్నం దాటాక తల్లి వచ్చింది. సిమెంటు అంటిన కాళ్ళతోనే వచ్చింది. పిల్లను చూసింది, ఏడ్చింది, ఆ ఏడుపు నేను రాయలేను. తరువాత అవ్వ ఆ దారాన్ని ఆమె చేతిలో పెట్టింది. ముడులు విప్పాం గానీ అవి ఉన్నచోటల్లా నూలు నలిగి వంకర తిరిగిపోయింది. తల్లి దాన్ని వేళ్ళ మధ్య మెల్లగా జరుపుకుంటూ పోతూ, నలిగిన ప్రతిచోటా ఆగింది. మాకెవ్వరికీ ఏమీ చెప్పే పని లేకపోయింది. అత్తను ఒక్క మాట అనలేదు. “ఫోన్ల ఎన్నడడిగినా తిన్న అనేది మేడం. తిన్నవా బిడ్డా అంటే తిన్న అమ్మా అనేది” అని మాత్రం నాతో అంది. దారాన్ని తన మణికట్టుకు చుట్టుకుంది. కార్యాలు అయ్యాక పుణే బస్సు ఎక్కుతూ అత్తను కూడా వెంట తీసుకుపోయిందని విన్నాను. కోపంతోనో జాలితోనో, నాకు ఈనాటికీ తెలియదు.

నేను చూసిందంతా చెప్పవలసిన చోటల్లా చెప్పాను. కేసు కొన్నాళ్ళు నడిచింది, నిలబడలేదు. దెబ్బకైతే గాయం ఉంటుంది గానీ, పెట్టని అన్నానికి ఎవరు సాక్ష్యం చెబుతారు? చెప్పగలిగిన ఒక్క మనిషీ పుణేలో ఉంది.

అప్పటి నుంచి నేను పాఠాలకు పోయిన చోటల్లా పటాలు, బొమ్మలు సంచీలోనే ఉంచి, ఒక నల్లదారం తీసేదాన్ని. నా ఎడమచేతికి చుట్టి, దాన్ని జారనిచ్చి ముడి, మళ్ళీ జారనిచ్చి ముడి, అలా వేస్తూ పోయేదాన్ని. దారం జారితే ముడి వేయకండి, జారిన దారాన్ని జారినట్టే పట్టుకుని పిల్లను మా దగ్గరికి తీసుకురండి అని ఇంతే చెప్పేదాన్ని. అవ్వలకు వేరే వివరించే పని ఉండేది కాదు, వాళ్ళ వేళ్ళకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు. కాకపోతే కొన్ని ఇళ్ళలో వేళ్ళకు తెలిసింది నోటిదాకా రాదు. సభ అయ్యాక ఆ ముడులు విప్పుకుంటూ జీపులో కూర్చునేదాన్ని.

ఒకసారి ఆ పిల్ల ఊళ్ళోనే సభ పెట్టారు. వెనక వరుసలో ఆ పిల్ల పెద్దమ్మ, గంటె చేతిలో ఉన్న ఆ పెద్దకోడలు, కూర్చుని ఉంది. కేసు నడిచినప్పుడు చూసి ఉన్నాను గనక నేను గుర్తుపట్టాను, ఆమె కూడా గుర్తుపట్టింది. ఈ ఊళ్ళో మానేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది, మానలేదు. దారం తీసి ఒక్కొక్క ముడీ నిదానంగా వేశాను. నాకు జాలి కలగలేదు, పెద్దదాన్నయ్యాను కదా అని ఇప్పుడు కలిగిందని కూడా చెప్పను. అందరూ లేచిపోయాక ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. తిడుతుందనుకున్నాను.

“అది ఎన్నడు బువ్వ అడుగలే మేడం” అంది. “గడపల కూసుండేది, అడుగకపోయేది. అడిగితే పెట్టకపోదునా?”

జవాబు కోసం నిజంగానే చూసింది నా వైపు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆమెకు తన మాట మీద పూర్తి నమ్మకం ఉంది. నేను దారం సంచీలో వేసుకుని జీపెక్కాను.

మంచి కూడా జరిగింది, చెప్పకపోతే పాపం. కొన్ని నెలలకు సంతరోజున ఒక ముసలామె జనాన్ని తోసుకుంటూ నా గదిలోకి వచ్చింది. చంకలో మనవడు, వాడి నడుము దగ్గర దారాన్ని చూపుడువేలితో ఎత్తి పట్టుకుని ఉంది. ఊరి నుంచి ఆటోలో అలాగే పట్టుకుని వచ్చిందట. “జారింది బిడ్డా. ముడెయ్యలే” అంది. ఆ పిల్లవాడు బతికాడు. ఆ తరువాత అలా వేలితో దారం పట్టుకుని వచ్చిన వాళ్ళు ఎంతోమంది. నర్సులు వాళ్ళను చీటీ అడగకుండానే ముందుకు పంపేవాళ్ళు. సాయంత్రం ఇంటికి పోయాక మాత్రం నాకు చీటీలో విరేచనాలని రాసుకుని వచ్చిన ఆ మొదటి పిల్లే కళ్ళ ముందు కూర్చునేది, బిస్కెట్టు పట్టుకుని, తినకుండా.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. కాలం మారింది, చాలావరకు మంచికే మారింది. పాలమూరులో నీళ్ళు పారుతున్న పొలాలు చూస్తున్నాను, అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్డు పెడుతున్నారు, దవాఖానల్లో మా రోజుల్లో లేని యంత్రాలు ఉన్నాయి. పిల్ల తూకం ఫోన్లోకి ఎక్కిస్తున్నారు. అవన్నీ పిల్లను తీసుకువచ్చి బల్ల మీద పెడితే చెబుతాయి. తీసుకురాని పిల్ల సంగతి, గడపలో కూర్చుని అడగని పిల్ల సంగతి, ఇంట్లో స్నానం పోసే చేతికే మొదట తెలియాలి. దానికోసం ఎవరో ఎప్పుడో ఆ నూలుదారం కనిపెట్టారేమో, మనకు తెలియక దిష్టిదారం అన్నామేమో అని ఈ మధ్య ఒంటరిగా కూర్చున్నప్పుడు అనిపిస్తుంది.

వంటింట్లో అలా ఎంతసేపు కూర్చున్నానో, “అక్కా, ఏడ వోయినవ్? పిల్లను ఆశీర్వదించవా?” అని మా చెల్లెలు కేకేసింది. లేచి వెళ్ళాను. పిల్ల తొట్టెలలో కాళ్ళాడిస్తోంది, నడుముకు కొత్త నల్లదారం అందంగా ఒదిగి ఉంది. అక్షింతలు వేశాను. వేసి, మా అవ్వ చేసినట్టే ఆ దారం కింద రెండు వేళ్ళు దూర్చి చూశాను. నిండుగా తింటున్న పిల్ల, చెంపకు చెయ్యి పెడితే సొట్ట పడుతుంది. దారం నా వేళ్ళను గట్టిగా పట్టుకుంది. అంతా బాగుందని చెప్పింది.

ఆ దారం ఏ పిల్ల నడుము మీదైనా అంతే గట్టిగా పట్టుకుంటుంది, ఏ వేలికైనా అదే మాట చెబుతుంది.